పరశురాం కొట్టిన ముప్పై ఒక్క పులులు

పరశురాంకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. తన చేతిలో ఓడిపోయినవాళ్ళని పొగడడం.

లోకంలో బాక్సర్లందరూ తమ గుద్దు గురించి చెప్పుకుంటారు. పరశురాం ఎదుటివాడి గుద్దు గురించి చెప్తాడు. అడిగినా చెప్తాడు, అడగకపోయినా చెప్తాడు. తార్నాక చౌరస్తా దగ్గర చాయ్ బండి ముందు ఎవరైనా శాలువా కప్పుకుని "ఏం చలన్నా, చంపేస్తున్నది" అంటే చాలు.

"ఇదేం చలి భయ్? గోల్నాక కొండయ్య ఎడమచెయ్యి ఒక్కసారి తగిలితే మే నెలల గుడ వణుకుతవు. పులి వాడు. గోల్నాక పులి!"

ఒకసారి పన్ను ఊడిపోతే దంతవైద్యుడి దగ్గరికి వెళ్ళాడు. ఎలా ఊడింది అని డాక్టరు అడిగితే "ముషీరాబాద్ సామేలు" అన్నాడు. ఆ కుర్ర డాక్టరు అదేదో కొత్త వ్యాధి అనుకుని కారణం అన్నచోట "సామేలు" అని రాసుకున్నాడు. నిజానికి ఆ పన్ను ఊడింది ముందురోజు వేయించిన బఠాణీలు నమలడం వల్ల. సామేలుతో పోటీ జరిగి అప్పటికి ఇరవై ఏళ్ళయింది.

మెట్రోలో ఎవరో అమ్మాయి నెరిసిన జుట్టు చూసి సీటిస్తానని లేస్తే, "కూర్చో బిడ్డా. అంబర్‌పేట గట్టయ్య ముంగట మూడు రౌండ్లు నిలబడ్డోన్ని, నాగోల్ దాక నిలబడలేనా?" అన్నాడు. గట్టయ్య ఎవరో తెలియక ఆ అమ్మాయి మర్యాదగా తలూపింది. ఆ తలూపినందుకు నాగోల్ వచ్చేదాకా గట్టయ్య గురించి వినాల్సి వచ్చింది.

ఇలా మొత్తం ముప్పై ఒక్కమంది. ముప్పై ఒక్క పోటీలు, ముప్పై ఒక్క గెలుపులు, ఒక్క ఓటమీ లేదు. బస్తీ క్లబ్బులు, యూత్ అసోసియేషన్లు వేదికలు కట్టి పెట్టిన పోటీలు అన్నీ. ఆ ముప్పై ఒక్కమందీ పులులే. ఒకడు తుఫాను, ఒకడు బుల్డోజరు, ఒకడి చెయ్యి ఇనుప గుండు. వాళ్ళందరినీ తనెలా గెలిచాడంటే మాత్రం పరశురాం దగ్గర ఒకటే జవాబు. "నసీబ్. అంతే."

ఈ పులులన్నిటినీ కళ్ళారా చూసినవాడు ఒక్కడున్నాడు. శివకుమార్.

శివకుమార్‌ది కర్నూలు వైపు. చదువుకోవడానికి యూనివర్సిటీకి వచ్చి, చదువయ్యాక ఆ యూనివర్సిటీ పరీక్షల విభాగంలోనే ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆయన పని సర్టిఫికెట్లు అసలువో నకిలీవో తేల్చడం. దేశం నలుమూలల నుంచీ డిగ్రీ కాగితాలు వస్తాయి. పాత రిజిస్టర్లు తీసి, నంబరు చూసి, "సరైనదే" అనో "సరికాదు" అనో ముద్ర వేయాలి. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. సాయంత్రం అయిదయ్యేసరికి ఆయనకి మొత్తం మానవజాతి మీదే అలసట వచ్చేది.

హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం యూనివర్సిటీ జిమ్ము ముందునుంచి పోతుంటే, అక్కడ అటెండరుగా కొత్తగా చేరిన పరశురాం పిలిచి, "అన్నా, ఒక్క పది నిమిషాలు గీ బకెట్ పట్టుకుంటవా? పోటీ ఉన్నది" అన్నాడు. పట్టుకున్నాడు. ఆ పది నిమిషాలు ఇరవై ఏడేళ్ళయింది. బకెట్, తువ్వాలు, స్టూలు మోస్తూ శివకుమార్ ముప్పై ఒక్క పోటీల్లోనూ రింగు మూలన నిలబడ్డాడు.

కాబట్టి ఆయనకి నిజం తెలుసు. గోల్నాక పులి తన కాలు తనే తట్టుకుని పడ్డాడు. ముషీరాబాద్ తుఫాను కళ్ళు గట్టిగా మూసుకుని చేతులు ఆడించాడు, అందులో ఒక గుద్దు రెఫరీకి తగిలింది. అంబర్‌పేట బుల్డోజరు రెండో రౌండు మధ్యలో ఆగి మంచినీళ్ళు అడిగాడు.

స్నేహితుడు ఎందుకిలా కోతలు కోస్తాడో శివకుమార్ ఎప్పుడో లెక్క కట్టేసుకున్నాడు. చంపిన పాము చిన్నదైతే చంపినవాడి గొప్పేముంది? అందుకే వానపాములన్నీ కొండచిలువలవుతున్నాయి. మనిషి మంచివాడే, ఈ ఒక్క గొప్ప చెప్పుకుంటే పోనీలే అనుకున్నాడు. ఆఫీసులో రోజంతా నకిలీలు పట్టుకునేవాడికి సాయంత్రం ఒక నకిలీని వదిలేయడం విశ్రాంతిలా ఉండేది.

ఇంతలో శ్రీనివాసరావు వచ్చాడు.

పేరు వింటే ఎవరో బ్యాంకు మేనేజరు అనిపిస్తుంది. గుద్దు తింటే అనిపించదు. ఖమ్మం నుంచి వచ్చి వ్యాయామవిద్య చదువుతున్న ఇరవై రెండేళ్ళ కుర్రాడు. క్యాంపస్ క్రీడావారంలో అతనికి ఒక పోటీ పెట్టారు. సరిగ్గా ముందురోజు ఎదుటివాడికి జ్వరమొచ్చి రానన్నాడు. పోటీ రద్దు అన్నారు. కుర్రాడు జిమ్ము మెట్లమీద కూలబడి, పక్కన బెంచీ మీదున్న తల్లిదండ్రుల వైపు చూడలేకపోయాడు. కొడుకు ఆట వాళ్ళెప్పుడూ చూడలేదు. ఆ ఒక్కదానికోసం మిరపచేను పని వదిలి ఖమ్మం నుంచి రైలెక్కి వచ్చారు.

పరశురాం చీపురు పక్కన పెట్టాడు.

"నేనున్న గదా" అన్నాడు.

పరశురాంకి అప్పుడు నలభై ఏడు. ఆఖరి పోటీ ఆడి తొమ్మిదేళ్ళయింది.

ఇంట్లో ఆయన భార్య గౌరమ్మ చేతిలో ఉన్న గరిటె అలాగే పట్టుకుని విన్నది. "మోకాళ్ళకు నూనె రాస్తే తప్ప పొద్దుగాల పక్కల నుంచి లేవవు. నువ్వు పోయి పోరలతోటి కొట్లాడుతవా?"

"కొట్లాట గాదు గౌరీ. ప్రదర్శన."

"ఏం ప్రదర్శిస్తవు? నడుమునొప్పా?"

శివకుమార్ కూడా తన వంతు ప్రయత్నించాడు. "పరశూ, నీ వయసెంతప్పా?"

"రింగుల వయసు అడగరు శివా. బరువు అడుగుతరు."

"సరే, బరువెంత?"

పరశురాం బొజ్జ లోపలికి బిగించాడు. "గది గుడ అడగకు" అన్నాడు.

మర్నాడు సాయంత్రం జిమ్ము కిక్కిరిసింది. ముప్పై ఒక్క పులుల కథ వినని విద్యార్థి క్యాంపస్‌లో లేడు. ఆ పులులని కొట్టిన చెయ్యి ఎలా ఉంటుందో చూద్దామని అందరూ వచ్చారు. "ముప్పై ఒకటీ... సున్నా! ముప్పై ఒకటీ... సున్నా!" అని కేకలు. పరశురాం పాత నిక్కరు బొజ్జమీద నిలవక, గౌరమ్మ లంగా నాడా ఒకటి లాగి కట్టుకుని వచ్చాడు. రెండు చేతులూ ఎత్తి నలుదిక్కులకీ దండం పెట్టాడు.

గంట కొట్టారు.

మొదటి రౌండులో శ్రీనివాసరావు చాలా గుద్దులు గుద్దాడు. శివకుమార్ ఇరవై దాకా లెక్కపెట్టి మానేశాడు. పరశురాం ఒకటే గుద్దాడు. అది రింగు స్తంభానికి తగిలింది. మూడుసార్లు మోకాలిమీద కూర్చున్నాడు. రెండుసార్లు లేవడానికి తాడు పట్టుకున్నాడు, మూడోసారి పట్టుకోబోయింది రెఫరీ చొక్కా.

మూలకొచ్చి స్టూలుమీద కూలబడ్డాడు. శివకుమార్ మొహంమీద నీళ్ళు చల్లి, "ఎట్లుందప్పా?" అన్నాడు.

"పోరనికి మంచి భవిష్యత్తు ఉన్నది శివా."

"నీకు?"

"నాకు స్టూల్ ఉన్నది. సాలదా?"

"ఆపేద్దాం."

"వాళ్ళ అమ్మ ఇప్పుడిప్పుడే సప్పట్లు కొడుతున్నది. కొంచెం ఆగు."

రెండో రౌండు మొదలై నిమిషం దాటిందో లేదో, కుడివైపు నుంచి వచ్చిన గుద్దుకి పరశురాం పళ్ళకి పెట్టుకున్న రబ్బరు తొడుగు ఎగిరి ముందువరసలో కూర్చున్న అధ్యాపకుడి ఒళ్ళో పడింది. పరశురాం తాడుకి ఆనుకుని, ఎదురుగా ఎవరూ లేని దిక్కుకి తిరిగి చేతులు ఆడిస్తున్నాడు. ఇరవై ఏడేళ్ళలో మొట్టమొదటిసారి శివకుమార్ ఓటమి ఒప్పుకుంటూ చేతిలోని తువ్వాలు రింగులోకి విసిరాడు. అలవాటు లేని చెయ్యి కదా, అది పోయి రెఫరీ తలమీద ముసుగులా పడింది. రెఫరీ ఏమీ కనబడక గాల్లో చేతులూపాడు. అలా ముగిసింది.

 జనంలో ముందు ఎవడో ఒకడు నవ్వాడు. ఆ తర్వాత అందరూ నవ్వారు. శివకుమార్ బకెట్ తీసుకుని బయటికి నడుస్తుంటే ఆ నవ్వు వీపుకి చెమటలా అంటుకుంది.

పరశురాం మాత్రం ఉబ్బిన పెదవితో నేరుగా శ్రీనివాసరావు తల్లి దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, నీ కొడుకుది చెయ్యి గాదు. రోడ్డు రోలరు. గింత దెబ్బ నా జిందగీల తినలేదు."

ఆమె కళ్ళొత్తుకుని, "పెద్దోణ్ణి అట్లా కొట్టొచ్చా నాన్నా?" అని కొడుకుని కేకలేసింది.

మర్నాటి నుంచి తార్నాకంతా అదే ప్రచారం. చాయ్ బండి దగ్గర, మందుల షాపు దగ్గర, ఆటోలో. "శీనివాసరావు అనే పోరడు ఉన్నడు. ఏం గుద్దు భయ్! నా జిందగీల చూడలె." జనం నవ్వి ఊరుకున్నారు. ముప్పై ఒక్కమంది గురించి ముప్పై ఒక్కసార్లు చెప్పిన మాటే అది. పాపం పరశురాం మొదటిసారి నిజం చెప్పాడు, ఒక్కడూ నమ్మలేదు.

మూడోరోజు వీడియో వచ్చింది.

తీసినవాడు అనిల్. జర్నలిజం చదువుతున్నాడు, "కుండబద్దలు" అని ఒక యూట్యూబ్ ఛానెల్ నడుపుతున్నాడు. వీడియో పేరు "ముప్పై ఒక్క పులులా? పిల్లులా?" అందులో పరశురాం కూలబడడం, లేవడం, మళ్ళీ కూలబడడం, రెఫరీ ముసుగు అన్నీ నెమ్మదిగా తిప్పి తిప్పి చూపించి, చివర్న అనిల్ కెమెరాలోకి చూస్తూ అడిగాడు. "ఇట్ల ఆడే మనిషి ముప్పై ఒక్కమందిని ఎట్ల గెలిచిండు? ఆ పులులు ఏడున్నయ్? ఉంటే చూపించండ్రి. ఓడిపోనీకే పట్టుకొచ్చినోళ్ళు, రికార్డంతా నింపుడు సరుకే అని నా డౌట్."

కింద వందల కామెంట్లు. ఒకడు "పులులు కావు, పులిహోర" అని రాశాడు. ఇంకొకడు శ్రీనివాసరావుని పట్టుకున్నాడు. "ముసలాయన్ని కొట్టుడు గుడ గెలుపేనా?" ఆ కుర్రాడు జిమ్ముకి రావడం మానేశాడు.

అంతకన్నా వింత, పరశురాం కూడా నోరు మూసుకున్నాడు. చాయ్ బండి వైపు రావడమే మానేశాడు. ఒక పొద్దున గౌరమ్మ శివకుమార్‌కి ఫోన్ చేసింది.

"అన్నా, నాలుగు దినాలాయె. ఒక్క పులి పేరు ఎత్తుతలేడు. నిన్న పక్కింటాయన పన్ను నొస్తున్నదన్నడు. అయినా సామేలు పేరు తీయలె. నాకు భయమైతున్నది."

శివకుమార్‌కీ భయం వేసింది.  ఆఫీసుకి వెళ్ళి కూర్చునేసరికి కిటికీలోంచి ఒక కాగితం లోపలికి వచ్చింది. పద్ధతి ప్రకారం రాసిన దరఖాస్తు. విషయం: పరశురాం గారి ముప్పై ఒక్క విజయాల వాస్తవికతను నిర్ధారించుట గురించి. కిటికీ అవతల అనిల్.

"సార్, ముప్పై ఒక్క ఫైట్లలో మీరే కార్నర్ల ఉన్నరట. మీ పనే గిది గదా. అసలుదా, నకిలీదా?"

"దీనికి మా దగ్గర రిజిస్టరు లేదప్పా."

"గోల్నాక పులి అడ్రస్ దొరికింది సార్. కొండయ్య. ఇస్త్రీ షాప్. కెమెరా ముందు ఆయనను అడుగుదాం. మీరు సాక్షి. ఒక్క ముక్క చెప్పండి చాలు. సరైనదా, సరికాదా?"

శివకుమార్ అలసిపోయి ఉన్నాడు. ఆ కామెంట్లు చదివి చదివి అలసిపోయాడు. ఇరవై ఏడేళ్ళు ఆ కోతలు విని అలసిపోయాడు. ఒక్కసారి "సరికాదు" అని ముద్ర పడిపోతే అందరికీ సుఖం కదా అనిపించింది. పరశురాం కూడా ఆ బరువు దింపుకుని మామూలు మనిషిలా చాయ్ తాగుతాడు. మధ్యాహ్నం సెలవు పెట్టి అనిల్ బండి వెనక ఎక్కాడు.

గోల్నాకలో ఇరుకు సందు. రేకుల పందిరి కింద బల్ల, బొగ్గుల ఇస్త్రీపెట్టె, మడతలు పెట్టిన బట్టల కట్టలు. పైన ఎర్రరంగు బోర్డు: "గోల్నాక పులి ఇస్త్రీ షాపు." బోర్డు కింద పులి. అంటే కొండయ్య. ఎండిన కందికట్టెలా ఉన్నాడు. ఇస్త్రీపెట్టె ఎత్తినప్పుడల్లా ఆయన దాన్ని ఎత్తుతున్నాడో అది ఆయన్ని ఎత్తుతోందో తెలియడం లేదు.

అనిల్ కెమెరా తీసి, నవ్వు ఆపుకుంటూ శివకుమార్ వైపు కన్ను గీటాడు.

కొండయ్య శివకుమార్‌ని గుర్తుపట్టాడు. మొహం పాలిపోయింది. ఆయన నోరు విప్పేలోపే లోపల్నుంచి కూతురు సుష్మ వచ్చింది. నర్సింగు చదువుతోంది. సంగతి విని కెమెరా ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా నాయిన ఫైట్ గురించేనా? రాసుకోండి. పరశురాం పెదనాయిన దవడ ఇరగ్గొట్టింది మా నాయిన. ఒక్క పాయింటు తేడాతోటి ఓడిండు, అంతే. మా బస్తీల ఎవరినైనా అడుగుండ్రి. నా చిన్నప్పుడు బడిల ఎవడన్న ఏడిపిస్తే, పులి బిడ్డను నేను, ఏమనుకున్నవు అనేదాన్ని. మళ్ళ జోలికి రాకపోయేది."

గడప దగ్గర కొండయ్య భార్య నిలబడి వింటోంది. బట్టలివ్వడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు ఆగారు. ఎదురుగా కిరాణాకొట్టాయన తూకం ఆపి చూస్తున్నాడు. కొండయ్య ఇస్త్రీపెట్టె చొక్కామీదే పెట్టి మర్చిపోయాడు.

సుష్మ శివకుమార్ వైపు తిరిగింది. "సార్, మీరు కార్నర్ల ఉన్నరు గదా. మీరే చెప్పుండ్రి."

కెమెరా ఆయన వైపు తిరిగింది.

శివకుమార్‌కి ఇరవై రెండేళ్ళ కిందటి ఆ సాయంత్రం కళ్ళముందే ఉంది. గంట కొట్టారు, కొండయ్య ఉత్సాహంగా ముందుకొచ్చాడు, ఎడమకాలు కుడికాలికి తగిలింది, బొక్కబోర్లా పడ్డాడు. మొత్తం నలభై సెకన్లు. చెప్పాల్సింది ఒక్క ముక్క. ఇరవై ఆరేళ్ళలో ఒక్క తప్పుడు కాగితం మీద కూడా ఆ చెయ్యి "సరైనదే" అని ముద్ర వేయలేదు.

చొక్కా కాలుతున్న వాసన వచ్చింది. కొండయ్య కళ్ళు నేలమీద ఉన్నాయి.

"ఆ దినం నేను చూసింది చెప్తా వినండి" అన్నాడు శివకుమార్. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "మొదటి రౌండులోనే ఈయన ఎడమచెయ్యి ఇట్లా వచ్చింది. రావడం నాకు కనపడలే. చప్పుడు మాత్రం వినపడింది. పరశురాం మూలకొచ్చి నన్ను చూసి, 'ఎవరప్పా నువ్వు?' అన్నాడు. పాతికేండ్లు వచ్చినోడు వాళ్ళమ్మ పేరు మర్చిపోయినాడు! బకెట్ నీళ్ళు తలమీద కుమ్మరిస్తే గానీ రెండో రౌండుకి లేవలే."

"నేను చెప్పలె?" అంది సుష్మ.

ఆగుదామనుకున్నాడు గానీ ఆగలేకపోయాడు. జీవితంలో మొదటి అబద్ధం కదా, అంతు తెలియలేదు. "మూడో రౌండులో రెఫరీనే భయపడి వెనక్కి పోయినాడు. అయిపోయినాక పరశురాం నా చెయ్యి పట్టుకుని, 'శివా, ఇంకొక్క అర నిమిషం ఉంటే నన్ను మోసుకుపోవాల్సి వచ్చేది' అన్నాడు. పాయింటు కూడా కాదమ్మా, అర పాయింటు తేడా!"

బాక్సింగులో అర పాయింటు ఉండదని ఆ ఊపులో ఆయనకి గుర్తు రాలేదు. కిరాణాకొట్టాయన చప్పట్లు కొట్టాడు.

చాయ్ తాగించి పంపుతూ, కొండయ్య వాళ్ళతో సందు చివరిదాకా వచ్చాడు. బడ్డీ వెనక ఆగి, అనిల్ చేతిలో కెమెరా ఆపి ఉందని రెండుసార్లు చూసుకున్నాడు.

"సార్, నేను గుద్దింది లేదు, పీకింది లేదు. మీకు ఎర్కే గదా. నా కాలే నాకు తట్టింది. బస్తీ మొత్తం వచ్చి చూసింది. నాకు పెండ్లి కుదిరి నెల గుడ కాలె. పిల్ల తరఫోళ్ళు గుడ ఉన్నరు. ఎనిమిది దినాలు ఇంట్లకెళ్ళి బయటికి రాలె సార్. తొమ్మిదో దినం పరశురామన్న వచ్చిండు. దవడ సుట్టూ తెల్లగుడ్డ కట్టు. సందు మొదట్ల నిలబడి ఒకటే లొల్లి. 'నా దవడ ఇరగ్గొట్టిన పులి ఇల్లు ఏది? ఒక్కసారి మొక్కి పోత!' అని ఇంటింటికి అడుగుకుంట వచ్చిండు."

అనిల్ నోరు తెరిచాడు. "దవడ నిజంగానే..."

"ఏం ఇరుగుతది? నా చెయ్యి తగిల్తే గదా! ఆ దినం మా ఇంట్ల మటన్ కూర. మా అమ్మ పళ్ళెం నిండ పెట్టింది. అన్నకు మటనంటే పాణం. దవడ ఇరిగినోడు బొక్క కొరుకుతడా? అందరు సూస్తున్నరు. పాపం వట్టి గంజి తాగిండు సార్. కళ్ళల్ల నీళ్ళు తిరిగినయ్. మా అమ్మ నొప్పి అనుకున్నది. ఆ దినంకెళ్ళి బస్తీల కాలు తట్టిన ముచ్చట పోయింది, దవడ ముచ్చటే మిగిలింది."

శివకుమార్ బడ్డీకి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏడాదికొకసారి వస్తడు. బిడ్డ ముంగట దవడ పట్టుకుంటడు, 'చలికాలం వస్తే ఇంక నొస్తది కొండన్నా' అంటడు. నాకొక్కనికే అనుకున్న. తర్వాత సామేలు కలిసిండు, గట్టయ్య కలిసిండు. అందరి దగ్గరికీ పోతడంట." కొండయ్య గొంతు తగ్గించాడు. "ఇప్పుడు అన్నను చూసి నవ్వుతున్నరంట గదా?"

అనిల్ బండి స్టార్ట్ చేయబోయి, చేయలేదు. 

"సార్, నేను జర్నలిజం చదువుతున్న. కెమెరా ముంగట చెప్పింది వేస్తా. కెమెరా ఆపినంక చెప్పింది వెయ్య" అన్నాడు. తార్నాక వచ్చాక మళ్ళీ, "అర పాయింటు ఎక్కడిది సార్?" అన్నాడు.

అనిల్ అన్నట్టే శివకుమార్ సాక్ష్యం ఉన్నది ఉన్నట్టు పెట్టాడు. సగంమంది నమ్మారు. మిగతా సగం "ఈ సార్ కూడా నింపుడు సరుకే" అని రాశారు. ఆఫీసులో పక్కసీటు వాసంతి గారు ఒక సర్టిఫికెట్ ఇస్తూ, "దీంట్లో అర మార్కు కూడా చూడండి సార్" అన్నది. ఇరవై ఆరేళ్ళ పేరు ఒక్కరోజులో పోయింది. విచిత్రంగా శివకుమార్‌కి ఆ సాయంత్రం పెద్దగా అలసట అనిపించలేదు.

జిమ్ములో పరశురాం ఒక్కడే కూర్చుని గ్లవ్స్ తుడుస్తున్నాడు.

"నాకెందుకు చెప్పలేదప్పా?" అన్నాడు శివకుమార్. "ఇన్నేండ్లు! నీ గొప్పకోసం కోస్తున్నావని అనుకున్నా."

"నీకు చెప్తే ముద్ర ఏస్తవు. నీ చెయ్యి ఊకోదు."

"ఈ అయిదారు దినాలు ఎందుకు నోరు మూసినావు?"

పరశురాం గ్లవ్‌లో ఉఫ్ అని ఊదాడు. "నన్ను జూసి నవ్వితే నవ్వనియ్. నేను పులి అన్నకొద్దీ జనం పులులను ఎతుకుతరు శివా. నవ్వు వాళ్ళ గడప దాక పోతది. గందుకే." మళ్ళీ తలెత్తి, "వీడియో చూసిన. బాగ చెప్పినవు. గని నన్ను అమ్మ పేరు మరిపిస్తవా? అమ్మ పేరు మర్చిపోయేటంత గుద్దు కొండయ్య ఏడ గుద్దిండు?" అన్నాడు.

ఆదివారం పొద్దున పరశురాం ఇంటి గంట మోగింది. తలుపు తీస్తే కొండయ్య. వెనక సామేలు, గట్టయ్య, ఇంకో ఇద్దరు. ఎవరూ ఇంట్లోవాళ్ళని తీసుకురాలేదు, కాబట్టి ఎవరికీ భయం లేదు. వాళ్ళ వెనక, ఎక్కడో మెట్లమీద దొరికినట్టున్నాడు, యాపిల్ పళ్ళ సంచీ పట్టుకుని శ్రీనివాసరావు.

రెండు గదుల ఇల్లు. మంచంమీద ముగ్గురు, నేలమీద ముగ్గురు, అప్పటికే వచ్చి ఉన్న శివకుమార్ గడపమీద. గౌరమ్మ చాయ్ రెండు విడతలుగా పెట్టింది.

గట్టయ్య శ్రీనివాసరావు భుజంమీద చెయ్యి వేశాడు. "నువ్వు కొట్టినోడు మామూలోడు గాదు తమ్మీ. నన్ను రెండో రౌండుల మంచినీళ్ళు అడిగేటట్టు చేసిండు."

"మంచినీళ్ళా?" అన్నాడు సామేలు. "నాకు కళ్ళే తెరవనియ్యలె! అన్న ముంగట నిలబడాలంటేనే భయం."

"మీరు నిలబడ్డరు గదా! నేను నలభై సెకన్లు" అన్నాడు కొండయ్య గర్వంగా.

"గదేం లెక్క? నేను గంట కొట్టకముందే పడ్డ!" అన్నాడు మిగతా ఇద్దరిలో ఒకడు.

"గంట కొట్టకముందు పడితే ఓటమి కిందికి రాదు. నాదే అసలైన ఓటమి" అన్నాడు రెండోవాడు.

"నాది!"

నిజమేమిటని శ్రీనివాసరావు శివకుమార్‌ని అడిగాడు. "అందరివీ సరైనవే" అన్నాడు శివకుమార్.

మొదట్లో పరశురాం ఒప్పుకోలేదు. "అబద్ధం! నువ్వు నన్ను సంపేసినవు సామేలూ, నా పన్ను..." అంటూ అడ్డం వచ్చాడు. ఎవరూ వినలేదు. అయిదుగురు ఒక్కసారిగా అరుస్తుంటే ఆయన గొంతు చాలలేదు. కాసేపు అటూ ఇటూ చూశాడు, కుర్చీలో వెనక్కి వాలాడు, వారంరోజుల అలసట ఒక్కసారిగా మీదికొచ్చినట్టు కళ్ళు మూతపడ్డాయి. నోరు తెరుచుకుంది. సన్నగా గురక మొదలైంది.

గౌరమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, వేలు పెదవులమీద పెట్టింది. "మెల్లగ మాట్లాడుండ్రి. వారమైంది ఆయనకు కన్ను మూతపడక."

అందరూ చప్పున ఊరుకున్నారు. 

కాసేపటికి గట్టయ్య మోకాళ్ళమీద జరుగుతూ కొండయ్య చెవి దగ్గరికి పోయాడు. "గని నిజం చెప్పు," అన్నాడు గుసగుసగా, "నీకన్న నేనే ఎక్కువ తన్నులు తిన్న."

"ఏం తిన్నవు? నీళ్ళడిగినవు, అంతే" అన్నాడు కొండయ్య, ఇంకా మెల్లగా.